జిగట పడని పాపతో గరుకు బొమ్మలు: ఒక కేస్ స్టడీ

చిన్నపిల్లలతో టెక్స్చర్ బొమ్మలు, అంటే బ్రష్షుతో నున్నగా పూసేవి కాకుండా దువ్వెన, గోనెసంచి, బీరపీచు, ఉప్పు, రంపపు పొట్టు లాంటివాటితో చేతికి గరుగ్గా తగిలే బొమ్మలు వేయించేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు రంగు ముట్టుకోని పిల్లలు ఎదురవుతారు. అప్పుడు చాలామంది చేసేవి రెండే. బుజ్జగించో బెదిరించో ముట్టించడం, లేకపోతే "ఈ పిల్లకి ఆర్ట్ మీద ఇంట్రెస్ట్ లేదు" అని పక్కన కూర్చోబెట్టి క్రేయాన్లు చేతికివ్వడం. ఈ రెండూ కాని దారి ఒకటుంది. ఒక పాప దగ్గర అది నాకు బాగా తెలిసివచ్చింది కాబట్టి ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, ఏది పని చేయలేదో, ఏది చేసిందో వివరంగా రాస్తున్నాను. పాప పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఇక్కడ తనని చిన్ని అంటాను.

నేపథ్యం

నాది నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల సాయంత్రం క్లాసు. బ్యాచ్‌లో పదిమందికి మించకుండా చూసుకుంటాను. కింద పాత పేపర్లు పరిచి, మధ్యలో రంగులు పెట్టి, చుట్టూ కూర్చోబెడతాను. ఈ వయసులో గీత మీద పట్టు ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఐదేళ్ల పిల్లని చెట్టు వెయ్యమంటే నిలువు గీత మీద గుండ్రం పెట్టేసి అయిపోయిందంటుంది, పక్కపిల్ల కూడా అదే పెడుతుంది. కానీ తడి రంగు మీద దువ్వెన లాగినప్పుడు వచ్చే చారలు ఎవరికి వాళ్లకి వేరుగా వస్తాయి, ఎలా వస్తాయో లాగేదాకా వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. తప్పు వేశానన్న భయం ఇందులో ఉండదు. చేతివేళ్లకి, మణికట్టుకి పని దొరుకుతుంది. అందుకే ఈ వయసు వాళ్లకి నేను టెక్స్చర్‌తోనే మొదలుపెడతాను.

గరుకుదనం బొమ్మలోకి రెండు రకాలుగా వస్తుంది. కాగితం మీదే ఏదో అంటించి, పూసి, గట్లు లేపి నిజంగానే గరుకుగా చెయ్యడం ఒకటి. గరుకు వస్తువు ముద్రని నున్నటి కాగితం మీదకి తేవడం రెండోది, అచ్చులు వేయడం, కింద వస్తువు పెట్టి పైన క్రేయాన్‌తో రుద్దడం లాంటివి. మామూలు క్లాసులో ఈ తేడా గురించి పిల్లలకి చెప్పక్కర్లేదు. ఈ కేసులో మాత్రం నా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

చిన్నికి ఐదున్నరేళ్లు. ఒక్కతే పాప. అమ్మానాన్న ఉద్యోగాలకి వెళతారు, సాయంత్రాలు నాయనమ్మ తీసుకొస్తుంది. మాటలు చక్కగా వచ్చు, పెన్సిల్‌తో బొమ్మలు వయసుకి మించి వేస్తుంది. ఇంటి తలుపుకి గొళ్లెం కూడా మర్చిపోదు.

వచ్చిన ఇబ్బంది

మొదటి క్లాసులో బబుల్ రేపర్ మీద పోస్టర్ కలర్ పూసి కాగితం మీద అద్దుతున్నాం. చిన్ని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చూస్తోంది, కళ్లలో ఆసక్తి ఉంది, ఎవరి అచ్చు బాగా వచ్చిందో చెబుతోంది కూడా, చేతులు మాత్రం బయటికి తీయడం లేదు. తర్వాతి క్లాసుల్లోనూ అంతే. ఒకసారి పక్క పిల్లాడి చేతిలోంచి రంగు చుక్క తన మోచేతి మీద పడితే ఏడవలేదు, అరవలేదు, ఆ చెయ్యి ఒంటికి దూరంగా చాచి పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి నడిచి వెళ్లి కడిగించుకుంది, ఆ తర్వాత కూడా ఫ్రాకుకేసి తుడుస్తూనే ఉంది.

అమ్మతో మాట్లాడితే "ఇంట్లో డ్రాయింగ్ బాగానే వేస్తుంది మేడం, కొత్త చోటు కదా, సిగ్గేమో. మీరే కొంచెం గట్టిగా చెప్పండి" అంది. ఆమె టెన్షన్ నాకు అర్థమైంది. మిగతా పిల్లల బొమ్మలు వాట్సాప్ గ్రూపులో కనిపిస్తున్నాయి, చిన్నిది ఒక్కటీ లేదు. అసలు సంగతి నాయనమ్మ చెప్పింది: "దానికి మొదట్నుంచీ అంతేనమ్మా. పప్పన్నం చేత్తో కలపదు, చెంచా కావాలి. గోరింటాకు పెడితే ఆరేదాకా ఒకటే ఏడుపు. ఆరాక రాల్చుకుంటూ నవ్వుతుంది." ఈ మాటలు నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. పిల్లల చేతుల గురించి ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందుకే అడ్మిషన్ రోజున అన్నం చేత్తో తింటుందా, గోరింటాకు పెట్టించుకుంటుందా, మట్టిలో ఆడుతుందా అని అడగడం ఇప్పుడు నాకు అలవాటైంది.

అయినా వెంటనే ఒక అభిప్రాయానికి రాలేదు. రంగు ముట్టుకోని పిల్లలందరి ఇబ్బందీ ఒకటి కాదు. బట్టలు పాడైతే ఇంట్లో తిడతారని భయపడే పిల్లలు ఉంటారు, వాళ్లకి తుడుచుకోవడానికి గుడ్డ, పాత చొక్కా ఇస్తే సగం సమస్య తీరుతుంది. తడి అంటేనే పడనివాళ్లు ఉంటారు. వాసన పడనివాళ్లు ఉంటారు. ఒకరి మందు ఇంకొకరికి పని చేయదు. అందుకని ఆటలాగా నాలుగు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో పొడి ముగ్గు, ఒకదాంట్లో పొడి ఇసుక, ఒకదాంట్లో తెల్లటి మైదా జావ. అడుగున ఒక్కో గిన్నెలో ఒక్కో గుండీ వేసి, వెతికి తీయమన్నాను.

నీళ్లలో చెయ్యి టక్కున పెట్టింది. కాబట్టి తడి సమస్య కాదు. ముగ్గులో మోచేతి దాకా పెట్టి, తెల్లబడ్డ చేతులు చప్పట్లు కొట్టి దులుపుకుంది. కాబట్టి మురికి సమస్య కాదు, ఇంట్లో తిడతారన్న భయమూ కాదు. ఇసుకలో గుండీ దొరికాక కూడా వేళ్ల మధ్య నుంచి ఇసుక జారుస్తూ కూర్చుంది, గరుకు అంటే ఇష్టమే అన్నమాట. మైదా జావ గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. రంగు లేదు, వాసన లేదు, మురికి లేదు. "అది వదలదు టీచర్" అంది.

అంటుకుని వదలకపోవడమే ఆ పిల్ల ఇబ్బంది. నేను రోగ నిర్ధారణ చేసేదాన్ని కాదు, ఆ మాట అమ్మకి కూడా స్పష్టంగా చెప్పాను. తిండి, బట్టలు, తలస్నానం, నిద్ర, వీటిలో కూడా రోజువారీ ఇబ్బంది ఉంటే పిల్లల డాక్టరుకి చూపించి, ఆయన చెబితే ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనుల్లో ఇబ్బందులకి సాధన చేయించేవాళ్లని, కలవడం మంచిదన్నాను. వాళ్లు ఆ పని చేశారు, ఆ వివరాలు ఇక్కడ రాయడం నా హద్దు కాదు. క్లాసులో నేనేం చెయ్యాలన్నదే ఇక్కడి విషయం.

పని చేయనివి

మొదట గ్లవ్స్ ప్రయత్నించాను. చర్మానికి రంగు తగలకపోతే చాలుగదా అన్నది ఆలోచన. చిన్న సైజువి తెచ్చినా ఐదేళ్ల పిల్ల వేళ్లకి కొసల్లో వదులుగా వేలాడాయి, పట్టు దొరకలేదు. అంతకంటే పెద్ద సమస్య చెమట. మన దగ్గర ఉక్కపోతలో ప్లాస్టిక్ తొడుగు వేసుకున్న కాసేపటికి లోపలంతా తడిసి చర్మానికి అతుక్కుంటుంది. ఏ జిగట నుంచి తప్పించాలని తొడిగామో అదే లోపల తయారైంది. తనే లాగి పడేసింది. ఇంకో సంగతి, బీరపీచు గరుకు, దువ్వెన పళ్లు, అట్ట ముడతలు వేళ్లకి తెలియకపోతే ఈ పని చేయించడంలో అర్థమే లేదు.

తర్వాత జిప్ కవర్. రెండు రంగులు కవర్లో పిండి, గాలి తీసేసి, అంచు టేపుతో మూసి ఇస్తే పైనుంచి వేలితో నొక్కుతూ గీతలు గీయొచ్చు. ఇది చాలాచోట్ల చేయిస్తారు, చిన్నికి కూడా నచ్చింది, చాలాసేపు ఆడింది. కానీ దీన్ని కొనసాగించలేదు. కవర్ పక్కన పెడితే బొమ్మ ఏమీ మిగలదు, చేత్తో తడిమి చూసుకోవడానికి ఏమీ ఉండదు. పైగా కవర్ లోపలి రంగు ఎంతసేపు నొక్కినా రంగు గానే, తడి గానే ఉంటుంది. జిగట అంటే ఏం కాదు అన్న ధైర్యం దానివల్ల రాదు. కవర్ తీసి రంగు చూపిస్తే మళ్లీ చేతులు తొడల కిందకే పోయాయి. ప్రయాణంలో పిల్లలకి కాలక్షేపానికి మంచిదే, మెట్టుగా పనికిరాదు.

మూడోది బెండకాయ అచ్చు. ఇది వస్తువుని చేత్తో పట్టుకుని చేసే పని, వేళ్లకి రంగుకి మధ్య బెత్తెడు దూరం ఉంటుంది, కాబట్టి చేస్తుందనుకున్నాను. బెండకాయ తొడిమ వైపు పట్టుకుని, కోసిన వైపు రంగులో అద్ది కాగితం మీద ఆనిస్తే ఐదు రేకుల పువ్వు పడుతుంది, పిల్లలకి ఇది పండగే. చిన్ని ధైర్యం చేసి తీసుకుంది. కోసిన ముక్క నుంచి తీగలాగా సాగిన జిగురు బొటనవేలికి తగిలింది. ఆ రోజు ఇంక ఏ పనీ చేయలేదు, నాయనమ్మ వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది. బెండకాయని ముందురోజే కోసి గాలికి ఆరబెడితే ఆ జిగురు చాలావరకు పోతుంది, రంగు కూడా బాగా పట్టి రేకులు స్పష్టంగా పడతాయి. ఇప్పుడు అందరికీ అలాగే ఇస్తున్నాను. అయితే ఆ రోజుకి చిన్ని విషయంలో అచ్చుల దారి మూసుకుపోయింది.

నేను చేయనివి కూడా చెప్పాలి. చెయ్యి పట్టుకుని రంగులో ముంచలేదు. స్కూలు ఫంక్షన్ల కోసం పిల్లల అరచేతికి రంగు పూసి, ఏడుస్తున్నా పట్టుకుని అచ్చు వేయించడం నేను చూశాను, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆ చార్టు గోడ మీద బాగానే కనిపిస్తుంది, ఆ పిల్లకి మాత్రం ఆర్ట్ క్లాసు అంటే తన చెయ్యి తనది కాని చోటు అయిపోతుంది. చాక్లెట్ ఆశ కూడా పెట్టలేదు. చాక్లెట్ కోసం ఒకసారి ముట్టుకున్న పిల్ల రెండోసారి చాక్లెట్ కోసమే ముట్టుకుంటుంది, రంగు కోసం కాదు.

పని చేసిన దారి

ఇక్కడ ఆగి, మేము ఏమీ చెప్పనప్పుడు చిన్ని ఏం చేస్తోందో గమనించాను. సామాన్లు వేసుకునే గోనెసంచి ఒకటి గది మూలన ఉంటుంది. దాని పక్కన కూర్చుని గోటితో అల్లికని గరగరా గీరుతోంది. కాసేపయ్యాక గోడకి ఆనించిన చాట మీద గీరింది. చప్పుడు విని నవ్వుకుంటోంది. గరుకు తనకి ఇష్టమే, కాబట్టి జిగట లేని గరుకుతో మొదలుపెట్టాలి, రంగు ఆఖర్న రావాలి అని నిర్ణయించుకున్నాను. మామూలుగా మనం రంగు ముందు పెట్టి వస్తువు తర్వాత ఇస్తాం. ఈ పాపకి ఆ వరస తిరగేశాను.

మొదటి మెట్టు రుద్దుడు బొమ్మలు. గోనెగుడ్డ ముక్క, నొక్కి చదును చేసిన బీరపీచు, ఈనెలు పైకి ఉండేలా వేపాకు, నాణేలు, పాత చెప్పు అడుగు, వీటిని అట్టకి టేపుతో కదలకుండా అంటించి, పైన కాగితం పెట్టి, క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దాలి. చిన్న విషయాలే కానీ ఇక్కడే చాలామందికి చెడుతుంది. మందపాటి డ్రాయింగ్ షీట్ పెడితే కింది ముద్ర పైకి రాదు, జిరాక్స్ కాగితమే మంచిది. క్రేయాన్‌కి చుట్టిన కాగితం తీసేయాలి. వస్తువు కదిలితే ముద్ర రెండుగా పడుతుంది, పిల్లలకి విసుగొస్తుంది. ఇది పసిపిల్లల ఆట మాత్రమే కాదు. మాక్స్ ఎర్న్‌స్ట్ అనే చిత్రకారుడు 1925లో చెక్క నేల మీద కాగితం పరిచి రుద్ది, పైకి వచ్చిన కర్ర చారల నుంచి బొమ్మలు తీశాడు, ఆ పద్ధతికి ఫ్రొటాజ్ అని పేరు. "క్రేయాన్ రుద్దడానికి క్లాసెందుకు" అని అడిగే తల్లిదండ్రులకి ఇది చెబితే కొంచెం నెమ్మదిస్తారు.

చిన్ని ఆ రోజు కాగితం తర్వాత కాగితం రుద్దుతూనే ఉంది. జల్లెడ అడిగింది, తన చెప్పు అడిగింది, గోడ కూడా రుద్దింది. తను చేసిన బొమ్మ మొదటిసారి ఇంటికి తీసుకెళ్లింది.

రెండో మెట్టు రుద్దుడు బొమ్మ మీదే నీళ్ల రంగు. ఇందులో ఆలోచన ఏంటంటే, క్రేయాన్‌లో మైనం ఉంటుంది, మైనం మీద నీళ్లు నిలవవు, కాబట్టి రంగు ఖాళీల్లోకే పోతుంది, తను రుద్దిన గరుకు చెడిపోదు. తన బొమ్మని రంగు మింగేస్తుందన్న భయం ఉన్న పిల్లకి ఇది ముఖ్యం. నీళ్ల రంగు పల్చగా ఉంటుంది, జిగట ఉండదు, నీళ్లంటే తనకి భయం లేదని గిన్నెల ఆటలోనే తెలిసింది. పిడి పొడుగ్గా ఉన్న వెడల్పు బ్రష్షు ఇచ్చాను. పక్కనే తడిగుడ్డ ఒకటి, తనకి మాత్రమే, చెప్పకుండా తీసుకోవచ్చని చెప్పి పెట్టాను. జిరాక్స్ కాగితం నీళ్లకి ముడుచుకుంటుంది కాబట్టి ఈసారి రుద్దేటప్పుడే దానికంటే కొంచెం మందం కాగితం పెట్టి, తెల్ల క్రేయాన్‌తో గట్టిగా రుద్దించాను. నీలం రంగు పూసేసరికి కనిపించకుండా ఉన్న గోనె అల్లిక తెల్లగా లేచింది. మైనం గీతల మీద రంగు చిన్న చిన్న ముత్యాలుగా నిలబడింది. చిన్ని మొహం కాగితానికి ఆనించేంత దగ్గరగా పెట్టి "ఇక్కడ అంటుకోవట్లేదు!" అని అరిచింది. అంటుకోని రంగు కూడా ఉంటుందని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. తడి ఇంకా మెరుస్తుండగానే పైన కాస్త ఉప్పు చల్లించాను. ఉప్పు రాయి చుట్టూ ఉన్న నీళ్లని, రంగుని లాక్కుంటుంది, ఆరాక దులిపితే నక్షత్రాల్లాంటి మచ్చలు మిగులుతాయి. కాగితం మీద నీళ్లు మడుగు కట్టి ఉన్నప్పుడు చల్లితే ఉప్పు కరిగిపోతుంది, మరీ ఆరాక చల్లితే ఏమీ జరగదు, ఆ మధ్య సమయం పట్టుకోవాలి. చిక్కటి పోస్టర్ కలర్‌తో ఇది రాదు. చేతికి గీతలు, పుళ్లు ఉన్న పిల్లలకి ఉప్పు ఇవ్వకూడదు, మండుతుంది.

మూడో మెట్టు అసలైనది. ఇప్పుడు గట్లు లేపే గరుకు దగ్గరికి రావాలి, అంటే జిగట దగ్గరికే రావాలి. కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్ల పొణికి కర్ర ముక్కలని అతకడానికి, ఆకారం దిద్దడానికి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. తెలంగాణలోని చేర్యాలలో చేసే మాస్కుల్లో కూడా ఈ రెండూ ఉంటాయి. దాన్నే సులువు చేసి, ఫెవికాల్ రెండు చెంచాలు, జల్లించిన రంపపు పొట్టు మూడు చెంచాలు, చపాతీ పిండి కంటే జారుగా అయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్లు, ఇలా కలుపుతాను. పొట్టు బదులు రవ్వ కూడా వాడొచ్చు కానీ రవ్వ బొమ్మలకి పురుగు పడుతుంది, చీమలు వస్తాయి, ఇంట్లో గోడకి పెట్టుకోలేరు. జల్లించి కడిగి ఎండబెట్టిన ఇసుక మంచిది. పొట్టు ప్లైవుడ్‌ది కాకుండా మామూలు కర్రది తెచ్చుకోవాలి, జల్లించే పని పిల్లలు రాకముందే చేసుకోవాలి, ఆ దుమ్ము వాళ్లు పీల్చకూడదు. ఉత్త పోస్టర్ కలర్‌నే మందంగా పూసి గట్లు తేవాలని చూస్తే ఆరాక పగుళ్లిచ్చి రాలిపోతుంది, ఫెవికాల్ కలిస్తేనే నిలుస్తుంది.

ముద్ద తయారు చేసే పని చిన్నికి ఇవ్వలేదు. కొరియర్ పెట్టె అట్ట ముక్క ఇచ్చి, నేను మధ్యలో ముద్ద వేసి, పాత ఏటీఎం కార్డుతో పరవమన్నాను, తర్వాత పళ్లు అక్కడక్కడా విరిచేసిన దువ్వెనతో లాగమన్నాను. కార్డు కొసన పట్టుకుని, చెయ్యంతా చాచి, మొహం వెనక్కి తిప్పుకునే చేసింది. అయినా చేసింది. అలలు పడ్డాయి. "రేపు చూద్దాం" అని తన పేరు రాసి అల్మారా మీద పెట్టాను. కావాలనే ఆ రోజు రంగు ఇవ్వలేదు. గోరింటాకు ఆరాక రాల్చుకుంటూ నవ్వుతుందన్న నాయనమ్మ మాట అప్పుడు నా మనసులో ఉంది. ఈ పిల్ల జిగటని చూస్తోంది కానీ దాని అంతు చూడటం లేదు, ప్రతిసారీ ఆరకముందే కడిగేసుకుంటోంది. జిగట ఎప్పటికీ అలాగే ఉండదని తన చేతికే తెలియాలి.

మర్నాడు అట్ట తీసి ఇచ్చాను. ముందు గోటితో గట్టు మీద టక్ టక్ మని కొట్టింది. తర్వాత ఒక వేలు, తర్వాత అరచెయ్యి మొత్తం ఆ అలల మీద పైకీ కిందకీ. "ఇది నిన్నటిదేనా?" అని రెండుసార్లు అడిగింది. అట్ట తిప్పి వెనక తన పేరు చూసుకుంది. అప్పుడు రంగు ఇచ్చాను: ముందు ముదురు నీలం పల్చగా అంతా పూయడం, అది ఆరాక బ్రష్షుని దాదాపు పొడిగా తుడిచి తెల్లరంగు గట్ల కొసలకి మాత్రమే తగిలేలా ఆడించడం. లోయల్లో నీలం, అంచుల్లో నురగ. నేను సముద్రం అనలేదు, తనే అంది.

ఆ తర్వాత జరిగింది నేను ప్లాన్ చేసింది కాదు, పిల్లలే చేశారు. మా క్లాసులో పెద్ద పిల్లలు అరచేతికి ఫెవికాల్ పూసుకుని, ఫ్యాను కింద ఆరబెట్టుకుని, పల్చటి పొరలాగా ఒలిచి వేలిముద్రల గీతలు చూసుకుంటారు. ఏటా ఎవరో ఒకరు మొదలుపెడతారు, నేను ఆపను. చిన్ని చాలారోజులు వాళ్లని చూసి, ఒకరోజు నా దగ్గరికి వచ్చి చిటికెనవేలు చాచి "ఇంతే" అని కొస చూపించింది. ఆవగింజంత పెట్టాను. ఆ వేలిని ఒంటికి దూరంగా పట్టుకుని ఫ్యాను కింద నిలబడింది, ఊదుకుంది, పళ్లు బిగబట్టింది, మధ్యలో రెండుసార్లు వాష్‌బేసిన్ వైపు చూసింది, వెళ్లలేదు. ఒలిచిన పొరని నాయనమ్మకి చూపించడానికి నోట్‌బుక్‌లో దాచుకుంది. గుండీలు అతికించే బొమ్మ రోజున ఒక గుండీ జారిపోతుంటే ఆలోచించకుండా వేలితో నొక్కి పట్టింది, జిగురు అంటింది, గుడ్డకి తుడుచుకుని పని కొనసాగించింది. నేను గమనించినట్టు కూడా కనబడలేదు. శభాష్ అంటే ఆ వేలి మీదకే దాని ధ్యాసంతా పోయేది.

ఇంటివైపు సంగతి

ఈ మొత్తంలో నాకు ఎక్కువ మాటలు ఖర్చయింది అమ్మతోనే. "ఇది ఏం బొమ్మ మేడం" అన్నది ఆమె మొదటి ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. ఫీజు కట్టేవాళ్లకి నెమలి, చెట్టు, ఇల్లు కనిపించాలని ఉంటుంది. నేను చేసింది ఒకటే, పాప దగ్గరుండగా కళ్లు మూసుకుని ఆ అట్టని తడమమన్నాను. తడిమి "అలల్లా ఉంది" అంది. చిన్ని "చెప్పానా" అన్నట్టు నా వైపు చూసింది. తర్వాత ఆమె ఇంట్లో మూడు పనులు చేసింది: పప్పన్నం చేత్తో కలుపుకోమని పోరడం ఆపింది, తినేటప్పుడు పక్కన తడి తువ్వాలు పెట్టింది, చపాతీ పిండి కలిపాక పొడి పిండి చల్లిన ఉండలు నొక్కడానికి చిన్నికి ఇచ్చింది. మూడోది నేను చెప్పింది కాదు, ఆమె సొంత ఆలోచన, చాలా మంచిది, ఎందుకంటే పొడి పిండి చల్లితే జిగట ఎంతుండాలో పాప చేతిలోనే ఉంటుంది.

ఇలాంటి పాప మీ దగ్గరుంటే నేను చెప్పగలిగేది ఈ వరసే. ఏది పడదో విడదీసి చూడండి, తడా, మురికా, జిగటా, వాసనా. పొడి గరుకుతో మొదలుపెట్టి, పల్చటి తడి మీదుగా, పనిముట్టు చివర జిగట దగ్గరికి రండి, ప్రతి చోటా ఆగిపోయే హక్కు పిల్లకి ఇవ్వండి. ఆరిన పనిని మర్నాడు మళ్లీ చేతికివ్వండి, ఇది మాత్రం వదలొద్దు. ఒక్క గంటలో బొమ్మ పూర్తి చేయించి ఇంటికి పంపే క్లాసుల్లో పిల్లలు ఈ భాగం ఎప్పటికీ చూడరు. వానాకాలంలో పొట్టు ముద్ద ఆరడానికి రెండు రోజులు కూడా పడుతుంది, తొందరపడి పచ్చిగా ఉన్నదాని మీద రంగు వేయిస్తే గట్లు లేచిపోయి పాపకి మళ్లీ జిగటే తగులుతుంది. మూడేళ్ల లోపు పిల్లలు పక్కన ఉంటే గుండీలు, నాణేలు, గింజలు బయట పెట్టకండి, నోట్లో పెట్టుకుంటారు. ముగ్గు రంగుల పొడి పెయింట్‌లో కలిపి చిన్న చేతులకి ఇవ్వకండి, అందులో ఏ రంగు రసాయనం వేశారో ప్యాకెట్ మీద ఉండదు.

చిన్ని ఇప్పుడు ఒకటో తరగతి. పది వేళ్లతో రంగు పూసే పని ఇప్పటికీ చేయదు, దాన్ని నేను లక్ష్యంగా పెట్టుకోలేదు కూడా. ఆ పని ఉన్న రోజున తనకి కార్డు, దువ్వెన, రోలర్ పక్కన పెడతాను, ఏది కావాలో తనే తీసుకుంటుంది. బెండకాయ అచ్చు మాత్రం ముందురోజు కోసిన ముక్క అయితేనే వేస్తుంది, వేసే ముందు కోసిన వైపు వేలితో ఒకసారి తట్టి ఆరిందో లేదో చూసుకుంటుంది, ఆరకపోతే పళ్లెంలో పెట్టేసి ఇంకో ముక్క తీసుకుంటుంది.